కాలవలో పడుకున్న కేకు

మా అమ్మాయి తన ఎనిమిదో పుట్టినరోజుకి గేదె కేకు కావాలంది. ఇల్లు ఊడుస్తున్నదాన్ని, చేతిలో చీపురు ఆపి, సరిగ్గానే విన్నానా అని మళ్ళీ అడిగాను.

"గేదె కేకే అమ్మా. మన గేదె. కొమ్ములూ, తోకా అన్నీ ఉండాలి. ఆటోలో పిల్లలందర్నీ పిలవాలి," అంది.

ఆ చివరి మాటకి చీపురు కింద పడేశాను. ఎందుకో చెప్పాలంటే ఆటో సంగతి చెప్పాలి.

మాది పి.గన్నవరం దగ్గర కాలవగట్టు మీద ఊరు. నేను పక్క ఊరి బడిలో టీచర్ని. ఇంటి వెనక కొబ్బరితోట, తోట చివర పంటకాలవ. మా అత్తగారికి ఒక గేదె ఉంది. ఎండెక్కేసరికి అది కాలవలోకి దిగిపోతుంది, మళ్ళీ పాలు తీసే వేళకి గానీ పైకి రాదు. పిల్లల్ని బడి నుంచి తెచ్చే ఆటో ఆ గట్టు మీదుగానే వస్తుంది. మా అమ్మాయి రోజూ ఆటోలోంచి తల బయటపెట్టి, "అమ్మడూ!" అని పిలిచేది. అది మా గేదె ముద్దుపేరు. గేదె నీళ్ళలోంచి తలెత్తి ఆటో వంక చూసేది. అంతే, ఇద్దరికీ ఆ పూటకి అది చాలు.

ఆటోలో పిల్లలు మొదట "మీ అక్కా?" అన్నారట. తర్వాత "మీ అమ్మా?" అన్నారట. ఆ తర్వాత అక్కలూ అమ్మలూ పోయి, మా పిల్లనే "గేదె" అనడం మొదలుపెట్టారు. గేదె ఎక్కింది, గేదె దిగింది, గేదే జరుగు. మా పిల్ల నలుపు. ఆ నలుపు నా దగ్గర్నించి వచ్చింది, బొద్దుతనం వాళ్ళ నాన్న వైపు నుంచి వచ్చింది. ఆ పేరు పెట్టినవాడు మా చర్చి వీధిలోవాడే, నాలుగో తరగతి. ఒకరోజు గేటు దగ్గర నిలబడి ఉండగా, "గేదె దిగిందిరోయ్!" అని వాడు అరవడం నా చెవులారా విన్నాను.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆటో ఎదురుగా వెళ్ళి వాడి చెవి పుచ్చుకుందామని ఒక అడుగు వేశాను కూడా. మా అమ్మాయి నా చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుంది.

"ఒద్దమ్మా. నువ్వు తిడితే ఇంకా అంటారు."

ఆ మర్నాటి నుంచి అది గేదెని పిలవడం మానేసింది. నాతో ఏమీ అనలేదు. సంగతి మా అత్తగారు కనిపెట్టారు. "ఏవే అమ్మాయ్, ఆటో సప్పుడవ్వగానే ఆ మూగజీవం తలెత్తి సూత్తంది. ఇదేమో బొమ్మలా కూకుని ఎళ్ళిపోతంది. ఏటయింది పిల్లకి?" అన్నారు. నేను నమ్మక మర్నాడు తోటలోంచి చూశాను. నిజమే. ఆటో వచ్చింది, గేదె తలెత్తింది, ఆటో వెళ్ళిపోయింది, గేదె మళ్ళీ తల దించుకుంది. ఆ రోజు నేను ఎంత ఏడ్చానో మా కొబ్బరిచెట్లకి తెలుసు.

అలాంటి పిల్ల ఇప్పుడు గేదె కేకు కావాలంటోంది. పైగా ఆ పిల్లలందర్నీ పిలిచి, వాళ్ళ ముందు కొయ్యాలంటోంది. "కుందేలు చేయిద్దామా? సీతాకోకచిలుకైతే ఎంత బాగుంటుందో!" అని నేను అడిగినకొద్దీ దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉంది. ఆ సామెత కూడా దాని పక్షమే.

మా ఆయనకి చెబితే నవ్వేశారు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు? దానికి లేని బాధ నీకెందుకు?"

"కందకీ ఉందండి దురద. మీకే కనపడ్డం లేదు," అన్నాను. ఆయన నవ్వు ఆగిపోయింది. కాసేపటికి తనే బండి తీసి, "పద, అమలాపురంలో చెప్పి చేయిద్దాం. ఇంట్లో చేసి నలుగురిలో నవ్వులపాలవడం ఎందుకు," అన్నారు. నిజమే కదా. బాగా కుదరకపోతే ఆ పిల్లలు జీవితాంతం చెప్పుకుని నవ్వుతారు. కేకు చూసి ఒక్కడు కూడా నవ్వకూడదు. నాకు కావలసింది అదొక్కటే.

కేకుల షాపాయన ఆల్బమ్ తిరగేశాడు. "గేదా అండీ? గేదె లేదండి. ఎలుగ్గొడ్డు ఉందండి, నల్లరంగేసి రెండు కొమ్ములెట్టేద్దామాండి?"

"ఎలుగ్గొడ్డుకి కొమ్ములెట్టి పాలు కూడా పిండేస్తారాండి?" అన్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశారు. అక్కడే, ఆ మెట్ల మీదే నిశ్చయించుకున్నాను, నేనే చేస్తానని.

నాకు కేకు రాదని కాదు. క్రిస్మస్‌కి ప్రతి ఏడూ చేస్తాను, కానీ గుండ్రంగానో పలకలాగానో వస్తుంది. దానికి మెడా, డొక్కా, మూతీ ఉండవు. జూలై నెల. బయట ఆగని వాన, ఇంట్లో క్రీము గట్టిపడనంత తేమ. శుక్రవారం సెలవు పెట్టి మొదలుపెట్టాను. డొక్క కోసం పెద్ద గిన్నెలో ఒక కేకు, తల కోసం పొడుగు డబ్బాలో ఒకటి కాల్చాను. రెండూ బాగా పొంగాయి. వాటిని చెక్కి, అతికించి, బిస్కట్ రోల్స్ నాలుగు నిలబెట్టి కాళ్ళలా అమర్చి, వాటి మీద ఒళ్ళు కూర్చోబెట్టాను. నిలబడింది! నాకు నేనే చప్పట్లు కొట్టుకుని అత్తగారిని పిలిచాను.

ఆవిడ వచ్చి, చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, ముందుకి వంగి చూసి, "పంది బాగానే ఉందే," అన్నారు.

"అత్తయ్యా!"

"మరేటమ్మాయ్? గేదెకి మెడ అంత పొట్టిగా ఉంటదా? మూతేమో పైకి లేసిపోయింది. నలబై ఏళ్ళ నించీ గేదెల మొకాలు సూత్తన్నాను, నాకు తెలీదా?"

ఇంతలో పక్కనుంచి చిన్న చప్పుడు. ముందు ఎడంకాలు మెత్తబడి వంగింది. తర్వాత కుడికాలు. మా గేదె నెమ్మదిగా, మర్యాదగా, మోకాళ్ళ మీద కూలబడింది. నేను అక్కడే నేల మీద కూర్చుని, రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాను. రేపు సాయంత్రమే పుట్టినరోజు ప్రార్థన కూడిక. పాస్టరు గారు వస్తారు, ఆటో పిల్లలందరూ వస్తారు. ఇప్పుడు మళ్ళీ ఎలుగ్గొడ్డు షాపుకి వెళ్ళాలా?

అత్తగారు మాత్రం కూలిన గేదె వంకే చూస్తున్నారు. "ఏవే, గేదె నుంచోడం నువ్వెప్పుడు సూసేవు? మిట్టమద్దేనం గేదె ఎక్కడుంటది?"

"కాలవలో."

"మరి కాలవలోనే పడుకోబెట్టు. కాళ్ళతో నీకు పనేటి?"

ఒక్క క్షణం ఆవిడ మొహం చూశాను. తర్వాత లేచి ఆవిడ బుగ్గ మీద ముద్దు పెట్టాను. మా పెళ్ళయిన ఇన్నేళ్ళలో అదే మొదటిసారి. "సీ, ఏటా పనులు," అంటూ ఆవిడ కొంగుతో బుగ్గ తుడుచుకున్నారు గానీ, ఆ పూటంతా మొహం మీద నవ్వు పోలేదు.

అంచు ఎత్తుగా ఉన్న పెద్ద స్టీలు పళ్ళెం తీశాను. అడుగున పలచటి కేకు పరిచి, దాని మీద గేదెని పడుకోబెట్టాను. మెడకి ఇంకో ముక్క అతికాను, మూతి కిందికి దించాను. ఈసారి అత్తగారు పంది అనలేదు. ఇక పైన పూత. చాక్లెట్టులో తెల్లక్రీము కలిపి పూశాను. లేత కాఫీ రంగు వచ్చింది. మెరుస్తూ, చూడ్డానికి ముచ్చటగా ఉంది. బడి నుంచి వచ్చిన మా అమ్మాయి బ్యాగు భుజం మీద నుంచి దించకుండానే పళ్ళెం దగ్గర నిలబడింది.

"ఇది అమ్మడు కాదు."

"ఎందుకు కాదమ్మా? చూడు, ఎంత బాగుందో."

"అమ్మడు నల్లగా ఉంటుంది కదా. ఎందుకమ్మా తెల్లగా చేశావ్?"

"మరీ నలుపైతే బాగోదు నాన్నా..." అంటూనే ఆగిపోయాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినా, నా చెవికి అది మా అమ్మ గొంతులా వినిపించింది. పెళ్ళిచూపుల రోజు నా మొహానికి పౌడరు మీద పౌడరు అద్దుతూ మా అమ్మ అన్న మాట అది. ఆ పౌడరు వాసన కూడా వచ్చినట్టనిపించింది. మా అమ్మాయి ఇంకా నా మొహం వంకే చూస్తోంది, జవాబు కోసం. పొయ్యి దగ్గర్నించి అత్తగారూ చూస్తున్నారు.

నా మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. గరిటె తీసుకుని ఆ కాఫీ రంగు మొత్తం గీకి పారేశాను. నలుపంటే నలుపు! కాలవలోంచి అప్పుడే లేచిన గేదె నలుపు! చిక్కటి కాఫీ డికాషను మరగబెట్టి, అందులో కోకో పొడి దండిగా పోశాను, తెల్లక్రీము చుక్క వెయ్యలేదు. నలుపైతే వచ్చింది గానీ, మా గేదె ఒంటి మీది ఆ నిగనిగ రాలేదు. అప్పుడు అత్తగారు తల నూనె సీసా పక్కన పెట్టి, వంట కొబ్బరినూనె గిన్నె అందించారు. "పిల్ల జుట్టు మెరవాలంటే ఏం రాత్తావు? దీనికీ అదే." ఒక గరిటెడు కలిపాను. పూత కత్తి నుంచి జారి డొక్క మీద పరుచుకుంటూ ఉంటే, నీళ్ళలో తడిసిన ఒళ్ళులాగే మెరిసింది. మా అమ్మాయి తన చెయ్యి దాని పక్కన పెట్టి చూసుకుంది.

"నాకంటే నలుపే!" అని పకపకా నవ్వింది. ఆ నవ్వు విని మూడు వారాలయింది.

ఆపైన ఇక పనులన్నీ అదే చెప్పింది, నేను చేశాను. కాలవ కోసం ప్యాకెట్లో వచ్చే నీలం జెల్లీ తెచ్చిపెట్టుకున్నాను. పిల్ల మూతి తిప్పుకుంది. "కాలవ నీలంగా ఎక్కడుందమ్మా?" నిజమే, జూలైలో గోదారి కొత్తనీరు వస్తే కాలవలన్నీ ఎర్రబడి ఉంటాయి. నీలం నీళ్ళు మేమెవరం చూశామని? కొబ్బరిపాలల్లో బెల్లం కరిగించి, కాస్త కార్న్‌ఫ్లోర్ వేసి ఉడికించి, గేదె చుట్టూ పోశాను. అచ్చం మా కాలవే. డొక్క సగం నీళ్ళలో, సగం పైన. తోకకి జంతిక ఒకటి విరిచి, చాక్లెట్టులో ముంచి పెట్టాను. కొమ్ములకే చాలా తిప్పలు పడ్డాం. చాక్లెట్టు కొమ్ములు చేస్తే అరగంటలో వంగిపోయాయి. బిస్కట్టు విరిగిపోయింది. నేను కొమ్ముల మీద అరుస్తూ ఉండగా, మా అమ్మాయి మామ్మ పక్కన కూర్చుని కొబ్బరిముక్క తింటోంది. తింటున్నది ఆగి, ముక్కని కళ్ళ ముందు పట్టుకుని చూసింది.

"అమ్మా, ఇది కొమ్ము."

చిప్పలోంచి నిలువుగా తీసిన కొబ్బరిముక్క. వంపు తిరిగి, రెండు చివర్లా సన్నబడి, వీపు మీద గోధుమరంగు తొక్కతో! కొబ్బరిచెట్ల మధ్య పుట్టి, కొబ్బరిచెట్ల మధ్య పెరిగి, బిస్కట్లతో కుస్తీ పడుతున్నానా నేను! రెండు ముక్కలు తీసి, చాక్లెట్టు పట్టించి గుచ్చాం. ముక్కలు గట్టిగా నిలబడ్డాయి. మా ఆయన వచ్చి చూసి, "అబ్బో" అని, ఫోన్ తీసి ఫొటో తియ్యబోతే, పిల్ల ఆపేసింది. "ముందే ఎవ్వరికీ చూపించొద్దు నాన్నా."

శనివారం సాయంత్రానికి వాన తెరిపిచ్చింది. హాల్లో చాపలు పరిచాం. చర్చి సంఘస్థులు వచ్చారు, ఆటో పిల్లలు వచ్చారు. పేరు పెట్టినవాడూ వచ్చాడు, తల నున్నగా దువ్వుకుని, చేతిలో పెన్సిళ్ళ డబ్బా పట్టుకుని. పళ్ళెం మీద కప్పిన గుడ్డ తీశాం. హాలంతా ఒక్కసారి ముందుకి వంగింది. మా సంఘంలో ఒక పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుంది. "ఏవమ్మా, ప్రార్థన చేసే చోట దూడ బొమ్మేంటమ్మా? బైబిల్లో ఆ జనం బంగారు దూడని చేసుకుని మొక్కి ఏవయ్యేరో ఎరగమా?"

నేను నోరు తెరిచేలోపే పాస్టరు గారు అందుకున్నారు. "అది బంగారందండి, ఇది చాక్లెట్టు. దాన్ని మొక్కేరు, దీన్ని తింటాం. ఆయ్, పాట అందుకోండి." అందరూ నవ్వారు, పెద్దావిడ కూడా. పాట, ప్రార్థన అయ్యాయి. ప్రార్థన సాగినంతసేపూ నేను కళ్ళు తెరిచే ఉన్నాను. ఆ పిల్లాడి కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి, కేకు మీద.

ఆమెన్ అనగానే వాడు లేచాడు. నేను భయపడ్డ క్షణం రానే వచ్చింది. కేకు వంక, మా పిల్ల వంక చూసి, అందరికీ వినపడేలా అన్నాడు.

"ఒసేయ్, ఇది నువ్వే కదా!"

ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారు. నేను ఒక్క అడుగు ముందుకి వేశాను. అత్తగారు నా నడుం దగ్గర గట్టిగా గిల్లారు. ఆగిపోయాను. మా అమ్మాయి చాకు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. వాడి వంక నిదానంగా చూసింది. తర్వాత మా వైపు పెద్దవాళ్ళు ఇంటికొచ్చిన చుట్టాల్ని పలకరించే తీరులో, నడుం కాస్త వంచి అంది.

"ఆయ్, నేనేనండి. తమరికి ఏ ముక్క కావాలండి?"

హాలు గొల్లుమంది. పిల్లలు చాపల మీద పడి నవ్వారు. పాస్టరు గారు కళ్ళు తుడుచుకున్నారు. నవ్విందంతా వాడిని చూసే, మా పిల్లని చూసి కాదు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, "కొమ్ము," అన్నాడు.

"కొమ్ములు ఒకటి మామ్మకి, ఒకటి నాకు. తోక ఉంది, కావాలా?"

"ఇయ్యి."

జంతిక తోక పుచ్చుకుని కరకరా నమిలేశాడు. ఆ తర్వాత "నాకు వీపు", "నాకు చెవి", "నాకు కాలవ ఎక్కువ వెయ్యి" అని మొదలైంది గొడవ. పాస్టరు గారు షుగరుందని చిన్న గిన్నెలో కాలవ మాత్రం, అదీ రెండుసార్లు పెట్టించుకున్నారు. బంగారు దూడ పెద్దావిడ మూతి ముక్క తిని, "గేదె బాగుందమ్మా," అని మెచ్చుకుంది. పళ్ళెంలో కాలవ నీళ్ళు కూడా మిగల్లేదు. పేరు పెట్టినవాడు వెళ్ళిపోతూ, గుమ్మం దగ్గర తన పెన్సిళ్ళ డబ్బా పిల్ల చేతిలో పెట్టాడు. "మీ గేదె నిజంగా నువ్వు పిలిస్తే చూస్తదా?" అని అడిగాడు.

"సోమవారం చూపిస్తా," అంది.

సోమవారం నేను బడి నుంచి తిన్నగా కాలవగట్టుకే వెళ్ళాను. సన్నగా తుప్పర పడుతోంది, గొడుగు వేసుకుని కొబ్బరిచెట్టు పక్కన నిలబడ్డాను. కాలవలో అమ్మడు కళ్ళు మూసుకుని నెమరేస్తోంది. ఆటో మలుపు తిరిగింది. రెండు వైపుల నుంచీ తలలు బయటికి వచ్చాయి. అన్ని గొంతులూ ఒక్కసారిగా అరిచాయి.

"అమ్మడూ! అమ్మడూ!"

అందరికంటే గట్టిగా అరిచినవాడు, ఇంకెవరు, ఆ తోక తిన్నవాడే. గేదె కళ్ళు కూడా తెరవలేదు. చెవైనా కదల్లేదు. మళ్ళీ అరిచారు. ఊహూ. ఆటో అబ్బాయి నవ్వుతూ బండి ఆపేశాడు. లోపల "ఉష్ ఉష్" అని ఒకరినొకరు కసురుకుంటున్నారు. అందరూ నోరు మూసుకున్నాక, మా అమ్మాయి ఒక్కత్తీ తల బయటపెట్టి, పెద్దగా కూడా కాదు, రోజూ పిలిచినట్టే పిలిచింది.

అమ్మడు తలెత్తింది. కొమ్ముల మీంచి ఎర్రనీళ్ళు కారుతూ ఉండగా, ఆటో వంక తిన్నగా చూసింది.

ఆటోలో చప్పట్లు, ఈలలు. గట్టు మీద నేనూ రెండు చేతులా చప్పట్లు కొట్టాను. గొడుగు కాలవలో పడి కొట్టుకుపోయింది. పోతే పోనిమ్మన్నాను.